నా టార్చిలైటు ఏ ఒడ్డున నేరం?

22 డాలర్లు పెట్టి కొన్న ఒక గులాబీ రంగు టార్చిలైటు వల్ల నేను పలు అమెరికా రాష్ట్రాల చట్టాలు, పైగా పరాయి దేశాల చట్టాలు కూడా చదవాల్సి వచ్చింది. నేను చదివింది గుంటూరులో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. న్యాయశాస్త్రానికీ నాకూ అంతకుముందు ఉన్న బంధుత్వం అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టడం వరకే.

2016లో ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వెళ్లాను. డల్లాస్‌కు దగ్గర్లో యూనివర్సిటీ. లైబ్రరీలో నా పని రాత్రి పన్నెండింటికి ముగిసేది. అక్కడి నుంచి గదికి పావుగంట నడక. దారిలో ఒక ఖాళీ స్థలం, మూతపడిన కార్ల షెడ్డు, రెండు దీపస్తంభాలు ఉండేవి. ఆ స్తంభాల్లో ఒకటి ఎప్పుడూ వెలిగేది కాదు. రెండో నెలలో మా గదిలో ఉండే అమ్మాయి చేతిలోంచి ఎవరో ఫోను లాక్కుని పరుగెత్తారు. ఆమెకు దెబ్బలేమీ తగల్లేదు కానీ, ఆ తర్వాత వారం రోజులు మేమిద్దరం చీకటి పడితే కిటికీ తెరలు కూడా కదిపేవాళ్లం కాదు.

ఆ శనివారం ఊరి చివర జరిగే సంతకు కూరగాయల కోసం వెళ్లాం. పాత పనిముట్లు, తోలు బెల్టులు, పింగాణీ బొమ్మల మధ్య ఒక పెద్దాయన బల్ల మీద టార్చిలైట్లు పరిచి పెట్టాడు. ఒకటి చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. టార్చి మూతి దగ్గర రెండు లోహపు ముక్కల మధ్య నీలి మెరుపు పుట్టి టపటపమని చప్పుడు చేసింది. దాన్ని స్టన్ గన్ అంటారని అప్పుడే తెలిసింది. నా వయసు అడగలేదు, గుర్తింపు కార్డు అడగలేదు. "ఛార్జింగ్ పెట్టడం మరిచిపోకు" అని మాత్రం చెప్పాడు. ఆయన నిర్లక్ష్యంగా అమ్మేశాడని చాలాకాలం అనుకున్నాను. నిజానికి టెక్సాస్‌లో పెద్దవాళ్లు దీన్ని కొనడానికీ, వెంట ఉంచుకోవడానికీ లైసెన్సు అక్కర్లేదు. ఆయన తప్పేమీ చేయలేదు.

దాని పెట్టె మీద "50 లక్షల వోల్టులు" అని రాసి ఉంది. చదువుకున్న చదువు ఊరికే ఉండనివ్వదు కదా, గదికి వచ్చి స్కేలు పెట్టి కొలిచాను. రెండు కొసల మధ్య దూరం సెంటీమీటరున్నర. పొడి గాలిని చీల్చుకుని నిప్పురవ్వ దూకడానికి సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టులు చాలు. అంతకు మించిన వోల్టేజీ పుట్టేలోపే మెరుపు దూకేస్తుంది. కాబట్టి ఆ లక్షలన్నీ పెట్టె మీద సిరాకు మాత్రమే పరిమితం. అయినా తగిలితే నొప్పి గట్టిగానే ఉంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. టేజర్ అని పేపర్లో చదివేది వేరే వస్తువు. అది తీగలు కట్టిన రెండు సన్నని ముళ్లను దూరం నుంచి విసురుతుంది. మామూలు జనానికి అమ్మే రకం సుమారు 15 అడుగుల దాకా అందుతుంది. నాది అలాంటిది కాదు. మీద పడేవాడు చేతికి అందేంత దగ్గరికి వచ్చాక ఒంటికి ఆనించాలి. మనిషి అంత దగ్గరికి రాకూడదనే కదా దీన్ని కొన్నది, అనే ఆలోచన అప్పుడు రాలేదు. సంచిలో ఉంటే ధైర్యంగా ఉండేది, అంతే. రెండేళ్లలో దాన్ని వెలుగు కోసం తప్ప వాడలేదు.

2018లో చదువు పూర్తయి షికాగో శివార్లలో ఉద్యోగం వచ్చింది. సామానంతా కారులో వేసుకుని స్నేహితురాలితో కలిసి బయలుదేరాను. ఓక్లహోమా దాటాం, మిస్సోరీ దాటాం. సెయింట్ లూయిస్‌లో ఆ పెద్ద ఉక్కు తోరణం కింద ఫోటోలు దిగి, మిస్సిసిపీ వంతెన ఎక్కాం. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దాటినట్టే అనిపించింది. ఈ ఒడ్డున గుంటూరు జిల్లా, ఆ ఒడ్డున బెజవాడ. అటూ ఇటూ అదే పోలీసు, అదే శిక్షాస్మృతి. మన ఆయుధాల చట్టం 1959 నాటిది, దేశమంతటికీ ఒక్కటే. ఆ అలవాటుతో పెరిగిన నాకు, వంతెన సగంలో నా టార్చిలైటు వేరే వస్తువుగా మారిపోయిందని ఎలా తెలుస్తుంది? ఆ సమయంలో అది వెనుక సీటులో, పప్పు కుక్కరులో, చీరల మధ్య ఉంది.

తెలిసింది మూడు వారాల తర్వాత, భోజనాల దగ్గర. మా ఆఫీసులో ఒంగోలు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడే స్థిరపడిన ఒకాయన ఉండేవారు. అందరం ఆయన్ను అన్నయ్యా అనే పిలిచేవాళ్లం. శీతాకాలంలో నాలుగున్నరకే చీకటి పడుతుందనీ, రైలు దిగి ఇంటికి నడవడం జాగ్రత్తనీ చెబుతున్నారు. "నా దగ్గర షాక్ కొట్టే టార్చి ఉందిలే అన్నయ్యా" అన్నాను గొప్పగా. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఎక్కడుంది?"

"సంచిలోనే ఉంది."

"ఇక్కడికి తెచ్చావా? తల్లీ, ఇక్కడ దానికి కార్డు ఉండాలి. కార్డు ఉన్నా బయట పట్టుకుని తిరగకూడదు. ముందు భోంచేయి, తర్వాత చెబుతా."

భోజనం ఎక్కడ దిగుతుంది.

ఆయన చెప్పినది సాయంత్రం నేనే చట్టం తెరిచి చదువుకున్నాను. మిస్సిసిపీ అవతల, షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో తుపాకీ కొనాలన్నా, ఇంట్లో పెట్టుకోవాలన్నా రాష్ట్ర పోలీసులు ఇచ్చే గుర్తింపు కార్డు కావాలి. 1968 నుంచి ఉన్న పద్ధతి. ఫోయిడ్ కార్డు అంటారు. స్టన్ గన్‌నూ, టేజర్‌నూ కూడా తర్వాత అదే గాటన కట్టారు. 2018 నాటికి ఇంకో నిబంధన కూడా ఉండేది. కార్డున్నవాళ్లయినా స్టన్ గన్‌ను బహిరంగ ప్రదేశాల్లో వెంట తీసుకెళ్లడం నేరం. అసలైన పిస్తోలుకు రహస్యంగా వెంట ఉంచుకునే లైసెన్సు సంపాదించవచ్చు, షాక్ కొట్టే టార్చికి మాత్రం అలాంటి లైసెన్సే లేదు. ఇది నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు.

సరే, కార్డు తీసుకుంటే ఇంట్లోనైనా ఉంచుకోవచ్చు కదా అనుకున్నాను. రుసుము 10 డాలర్లు, 10 ఏళ్లు చెల్లుతుంది. ఆ రాత్రే వెబ్‌సైటు తెరిచాను. పేరు, ఎత్తు, కళ్ల రంగు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు. ఫోటో కూడా జతచేశాను. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. శిక్ష పడిందా, లేదు. కుటుంబ హింస కేసు ఉందా, లేదు. మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో ఉన్నారా, లేదు. ఇలా పరీక్షలో సులువైన ప్రశ్నలు రాస్తున్నట్టు హుషారుగా సాగుతుంటే, వలస వీసా కాని వీసా మీద దేశంలోకి వచ్చారా అనే దగ్గర వేలు ఆగింది. నాది విద్యార్థి వీసా. చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి మీద ఉద్యోగం చేస్తున్నాను. జవాబు అవును.

అవును అన్నవారికి కార్డు రాదు. మినహాయింపులు ఉన్నాయని చట్టంలో ఆశగా వెతికాను. విదేశీ ప్రభుత్వ ప్రతినిధి అయితే ఇస్తారట. విదేశీ పోలీసు అధికారి అయి, విధి నిర్వహణ మీద వస్తే ఇస్తారట. చట్టబద్ధంగా వేటాడటానికో, క్రీడల కోసమో దేశంలోకి అనుమతి పొందినా ఇస్తారట. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని పెద్దగా నవ్వాను. జింకలను కొట్టడానికి వచ్చినవాడు అర్హుడు. డేటాబేసులు రాయడానికి వచ్చి, రాత్రి రైలు దిగి నడిచే ఆడపిల్ల అనర్హురాలు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కేంద్ర చట్టం దృష్టిలో స్టన్ గన్ అసలు తుపాకీయే కాదు. తుపాకీ అంటే పేలుడు పదార్థంతో గుండును విసిరేది. 1970లలో జాక్ కవర్ అనే శాస్త్రవేత్త చేసిన మొదటి టేజర్ ముళ్లను విసరడానికి తుపాకీ మందు వాడేది, అందుకని 1976లో దాన్ని తుపాకీగా లెక్కగట్టారు. 1993లో అరిజోనాలో ఇద్దరు అన్నదమ్ములు కంపెనీ పెట్టి మందు బదులు బిగించిన నైట్రోజన్ వాయువు వాడటం మొదలుపెట్టాక ఆ ముద్ర పోయింది. నా టార్చిలో మందూ లేదు, వాయువూ లేదు. అంటే కేంద్రానికి అది ఒక విద్యుత్ పరికరం, ఇల్లినాయికి తుపాకీకి చెల్లెలు, టెక్సాస్‌కు సంతలో సరుకు.

దరఖాస్తు పంపకుండానే మూసేశాను. మర్నాడు కంపెనీ తరఫున మా వీసాలు చూసే న్యాయవాదికి ఫోను చేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు, భయపెట్టలేదు. ఒక్క విషయం మాత్రం రెండుసార్లు చెప్పింది. నేరం రుజువు కాకపోయినా, ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న ఇకపై ప్రతి వీసా దరఖాస్తులోనూ ఎదురవుతుంది, దానికి అవునని రాయాల్సి వస్తుంది. పౌరులకు జరిమానాతో పోయే వ్యవహారం మీకు పదేళ్లు వెంటాడవచ్చు అంది. దాన్ని చెత్తబుట్టలో పడేయవద్దనీ, కారులో వేసుకుని తిరగవద్దనీ, స్థానిక పోలీసులకు ముందుగా ఫోను చేసి అప్పగించమనీ చెప్పింది.

నేనుండే ఊరి పోలీసుల మామూలు నంబరుకు ఫోను చేశాను. గొంతు వణుకుతుంటే, వణుకుతున్నట్టు తెలియకూడదని మరీ నెమ్మదిగా మాట్లాడాను. అటువైపు ఆవిడ అంతా విని, స్టేషను లోపలికి పట్టుకుని రావద్దు, కారులోనే ఉంచి పార్కింగులో ఆగి మళ్లీ ఫోను చేయి అంది. ఒంగోలు అన్నయ్య తోడు వచ్చారు. పార్కింగులో ఇద్దరం చేతులు స్టీరింగు మీద, డ్యాష్‌బోర్డు మీద కనబడేలా పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ అలా కూర్చోమనలేదు. సినిమాల ప్రభావం.

వచ్చినాయన యాభై దాటిన పోలీసు. టార్చిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "మా మనవరాలి బొమ్మలా ఉంది" అన్నాడు. ఎక్కడ కొన్నావు, ఎప్పుడు వచ్చావు అని అడిగి రాసుకున్నాడు. నంబరు వేసిన ఒక రసీదు ఇచ్చాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. వెళ్తూ వెళ్తూ, ఈ ఊళ్లో జనవరిలో జనం వేసుకునే కోట్ల మీద ఇది పనిచేయదమ్మా, దూది దాటి ఒంటికి తగలదు, మిరియాల స్ప్రే కొనుక్కో, పద్దెనిమిదేళ్లు నిండితే చాలు అన్నాడు. నా రెండేళ్ల ధైర్యాన్ని ఆ ఒక్క మాటతో ఊదేశాడు. ఆ రసీదు ఇప్పటికీ నా పాస్‌పోర్టు కవరులోనే ఉంది.

ఆ రాత్రి ఫోనులో నాన్నకు చెప్పాను. ఆయన ఆబ్కారీ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. "ఇందులో వింతేముంది? మన దగ్గర సీసా కథ ఇదే కదా. హైదరాబాదులో కొంటే సరుకు, గుజరాత్‌లో పట్టుకుంటే కేసు" అన్నారు. నేను చట్టాల మీద చేసిన పరిశోధనంతా ఆయన రెండు ముక్కల్లో తేల్చేసరికి కొంచెం కోపం కూడా వచ్చింది.

సరిగ్గా ఆరు నెలలు తిరక్కముందే, 2019 మార్చిలో, ఇల్లినాయి సుప్రీంకోర్టు బయట వెంట తీసుకెళ్లడం మీద ఉన్న ఆ నిషేధాన్ని కొట్టేసింది. కార్డు నిబంధన మాత్రం అలాగే ఉంది, కనుక నాకు ఒరిగిందేమీ లేదు. కానీ ఎందుకు కొట్టేశారో చదవబోయి జైమీ కేటానో అనే ఆమె కథ దగ్గర ఆగిపోయాను.

ఆమెది మసాచుసెట్స్. ప్రియుడు కొట్టి ఆసుపత్రి పాలు చేశాడు. దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వులు ఒకటి కాదు, అనేకం తెచ్చుకుంది. ఉత్తర్వు కాగితం అడ్డు నిలబడదు కదా. ఒక స్నేహితుడు స్టన్ గన్ ఇచ్చాడు. ఒక రాత్రి పని ముగించుకుని బయటికి వస్తే అతను కాచుకుని ఉన్నాడు. ఆమెకంటే దాదాపు అడుగు ఎత్తు, 100 పౌండ్లకు దగ్గరగా ఎక్కువ బరువు. ఆమె పారిపోకుండా నిలబడి, దాన్ని చూపించి, నన్ను వదిలెయ్ అంది. అతను భయపడి వెళ్లిపోయాడు. దాన్ని నొక్కే అవసరం కూడా రాలేదు. 2011లో ఒక సూపర్‌మార్కెట్ పార్కింగులో పోలీసులు వేరే దొంగతనం గురించి వాకబు చేస్తూ ఆమె చేతిసంచి వెతికితే ఇది బయటపడింది. ఆ రాష్ట్రంలో అప్పుడు సంపూర్ణ నిషేధం. కోర్టు ఆమెను దోషి అని తేల్చింది. పై కోర్టు కూడా 2015లో సమర్థించింది. ఆయుధాల హక్కు రాజ్యాంగంలో చేరిన 1791 నాటికి ఇలాంటి వస్తువు లేదు కాబట్టి దీనికి రక్షణ లేదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. 2016 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. చిన్న తీర్పు, కింద ఏ న్యాయమూర్తి పేరూ లేదు. న్యాయమూర్తి అలీటో విడిగా రాసిన అభిప్రాయం మాత్రం పొడవుగా, కోపంగా ఉంటుంది.

2016 మార్చి. నేను టెక్సాస్ సంతలో బేరమాడకుండా 22 డాలర్లు ఇవ్వడానికి కొన్ని నెలల ముందు. ఆ తీర్పు నిషేధాలన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేయలేదు. ప్రతి రాష్ట్రంలోనూ ఎవరో ఒకరు మళ్లీ కోర్టుకెక్కాల్సి వచ్చింది. న్యూజెర్సీ 2017లో దిగివచ్చింది. మసాచుసెట్స్‌లో 2018లో సొంత కోర్టే నిషేధం చెల్లదంది, వెంటనే శాసనసభ దాన్ని లైసెన్సు కిందికి తెచ్చింది. హవాయిలో 2022 జనవరి 1 నుంచి అనుమతించారు. రోడ్ ఐలండ్ నిషేధం అదే ఏడాది కోర్టులో పడిపోయింది. ఈ పట్టిక వేసుకుంటూ కూర్చుంటే మన ఊళ్లో కరెంటు ఒక్కో వీధికీ ఒక్కో రోజు వచ్చినట్టు అనిపించింది.

2019 వేసవిలోనే ఇంగ్లండులో చదువుకుంటున్న పిన్ని కూతురి దగ్గరికి వారం రోజులు వెళ్లాలనుకున్నాను. "అక్కా, నీ దగ్గర ఉండే టార్చి లాంటిది ఒకటి తెచ్చిపెట్టవా? ఇక్కడ రాత్రి బస్సు దిగాక భయంగా ఉంటోంది" అని అడిగింది. ఇల్లినాయి దెబ్బ తిన్నదాన్ని, ఈసారి ముందే చదివాను. మంచిపని చేశాను. బ్రిటన్‌లో 1968 తుపాకుల చట్టం ప్రకారం స్టన్ గన్ నిషిద్ధ ఆయుధం. ఆ చట్టంలో హానికరమైన ద్రవం, వాయువు "లేదా ఇతర వస్తువు" వెదజల్లేది అని ఉంది. కరెంటు ఒక వస్తువేనా అని అక్కడ పెద్దలే వాదించుకున్నారు. 1988లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ అవును, వస్తువే అంది. ఎలక్ట్రికల్ ఇంజినీరుగా ఆ వాదన మీద నాకు రెండు మాటలు చెప్పాలని ఉంది కానీ, అసలు భయంకరమైన సంగతి అది కాదు. టార్చిలాగానో, ఫోనులాగానో మారువేషంలో ఉన్న ఆయుధం దగ్గర దొరికితే, ఏవో అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప, కనీస శిక్ష ఐదేళ్లు. కనీసం! నా గులాబీ టార్చి అచ్చంగా అదే జాతి. చెల్లి మీద ప్రేమతో చెల్లిని జైలుకు పంపేదాన్ని. మిరియాల స్ప్రే కూడా అక్కడ కుదరదు. చివరికి పిన్ను లాగితే కీచుమని అరిచే చిన్న అలారం తీసుకెళ్లాను. నయాగరా అవతలి ఒడ్డున కెనడాలోనూ దాదాపు ఇదే సంగతి. జేబులో పట్టే షాక్ పరికరం నిషిద్ధం. అందుకే మా ఆఫీసు వాళ్లు జలపాతం చూడటానికి బయలుదేరినప్పుడు అందరి సంచులూ నేనే తనిఖీ చేశాను. అప్పటికి నాకు ఆఫీసులో పోలీసమ్మ అని పేరు వచ్చేసింది.

2021లో ఉద్యోగం మారి జెర్సీ సిటీకి వచ్చాను. ఇల్లు హడ్సన్ నదికి ఇవతల, ఆఫీసు నదికి అవతల మాన్‌హట్టన్‌లో. మళ్లీ ఒక నది. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు స్టన్ గన్ ఉంచుకోవచ్చు, ఫోయిడ్ లాంటి కార్డు గొడవ లేదు. అవతల న్యూయార్క్ రాష్ట్ర చట్టం నిషేధిస్తుంది. దాన్ని 2019లో రాష్ట్రపు ఉత్తర భాగంలోని ఫెడరల్ కోర్టు చెల్లదంది. కానీ న్యూయార్క్ నగరానికి సొంత నిషేధం వేరే ఉంది. దాని మీద కేసు వేస్తే 2025 మార్చిలో మాన్‌హట్టన్ ఫెడరల్ న్యాయమూర్తి నగరం పక్షానే తీర్పు ఇచ్చారు.

నేను మళ్లీ కొనలేదు. మిరియాల స్ప్రే మాత్రం కొన్నాను, అందులోనూ తిప్పలు పడ్డాను. షికాగోలో వాడినదాన్ని విమానంలో తేవాలంటే చేతిసంచిలో కుదరదు. లోపల వేసే పెట్టెలో 118 మిల్లీలీటర్ల దాకా ఒక్క డబ్బాను కేంద్ర నిబంధన ఒప్పుకుంటుంది, నేనెక్కిన విమానం వాళ్లు ఒప్పుకోలేదు. అక్కడే ఒక స్నేహితురాలికి ఇచ్చేశాను. న్యూజెర్సీలో డబ్బాలో ముప్పాతిక ఔన్సు, అంటే 21 గ్రాములకు మించకూడదు. న్యూయార్క్‌లో దాన్ని ఇంటికి తెప్పించుకోకూడదు. లైసెన్సున్న తుపాకుల దుకాణంలోనో, మందుల షాపులోనో ఎదురుగా నిలబడి కొనాలి, ఒకేసారి రెండుకు మించి ఇవ్వరు. నదికి రెండు వైపులా తిరిగేదాన్ని కాబట్టి, కఠినంగా ఉన్న ఒడ్డునే, చిన్న డబ్బానే కొన్నాను.

ఆఫీసు పక్క మందుల షాపులో ఫార్మసిస్టు గుర్తింపు కార్డు చూసి, నాకు నేరచరిత్ర లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. "ఇది చాలా ఘాటైన మిరప సారం, కళ్లకు, చర్మానికి తగలకుండా జాగ్రత్త" అని ఎంతో శ్రద్ధగా హెచ్చరించింది. మా ఇల్లు గుంటూరు మిర్చి యార్డుకు రెండు కిలోమీటర్లు. సీజనులో గాలి అటునుంచి వీస్తే వీధి వీధంతా తుమ్ముతుంది. మా నాయనమ్మ కారం దంచిన రోజు మేము పక్కింట్లో పడుకునేవాళ్లం. అలాంటిదాన్ని, ఇరవై గ్రాముల మిరప నూనెకు సంతకం పెట్టి, తల ఊపి, థాంక్యూ చెప్పి వచ్చాను. అమ్మకు చెబితే, "ఇక్కడ హైదరాబాదు మెట్రోలో ఆడవాళ్లు తీసుకెళ్లవచ్చని రెండేళ్ల కిందటే చెప్పారుగా" అంది. 2019 డిసెంబరులో, దిశపై ఆ ఘోరం జరిగిన తర్వాత ఇచ్చిన అనుమతి అది. అమ్మ పేపరు బాగా చదువుతుంది.

2022 శరదృతువులో ఒక సోమవారం ఉదయం. నాతో ఇల్లు పంచుకునే కరీంనగర్ అమ్మాయి కొత్తగా మాన్‌హట్టన్‌లో ఉద్యోగంలో చేరింది. ఇద్దరం కలిసి న్యూజెర్సీకీ మాన్‌హట్టన్‌కూ మధ్య నడిచే పాత్ (PATH) రైలు ఎక్కాం. జర్నల్ స్క్వేర్, గ్రోవ్ స్ట్రీట్, న్యూపోర్ట్. న్యూపోర్ట్ దాటాక రైలు నది కిందికి దిగుతుంది, మళ్లీ ఆగేది అవతలి ఒడ్డున క్రిస్టఫర్ స్ట్రీట్‌లోనే. తలుపులు మూసుకున్నాక ఆ అమ్మాయి లిప్‌స్టిక్ కోసం సంచిలో వెతుకుతూ ఒక నల్లటి వస్తువును బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. జెర్సీలో చట్టప్రకారం కొనుక్కున్న స్టన్ గన్. ఇంట్లో పెట్టి రావడం మరిచిపోయిందో, అసలు నేను చెప్పిందే వినలేదో.

"లోపల పెట్టు" అన్నాను.

"ఏమైంది అక్కా?"

"ముందు లోపల పెట్టు. మనం ఇప్పుడు నది కింద ఉన్నాం."

ఆ సొరంగంలో ఎక్కడో రెండు రాష్ట్రాల సరిహద్దు ఉంది. ఏ బోర్డూ ఉండదు. రైలు కొంచెం ఊగింది. నాకైతే మిస్సిసిపీ వంతెన, పప్పు కుక్కరు, పార్కింగులో స్టీరింగు మీద పెట్టుకున్న చేతులు అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. అవతల 33వ వీధి స్టేషనులో అప్పుడప్పుడు పోలీసులు బల్ల వేసుకుని సంచులు చూస్తారు. ఆ అమ్మాయి హెచ్-1బి దరఖాస్తు ఇంకా తేలలేదు.

క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగాం. పైకి వెళ్లలేదు. అదే ప్లాట్‌ఫారం మీద వెనక్కి తిరిగి, జెర్సీ వెళ్లే రైలు కోసం నిలబడ్డాం. నాలుగు నిమిషాలు. నా జీవితంలో అంత పొడవైన నాలుగు నిమిషాలు వీసా ఇంటర్వ్యూలో కూడా గడపలేదు. రైలు న్యూపోర్ట్ చేరాక ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలి, "ఇప్పుడు నేరం కాదా?" అని అడిగింది.

"ఇప్పుడు కాదు."

ఇంటికి వెళ్లి దాన్ని బియ్యం డబ్బా వెనుక పెట్టి, మళ్లీ రైలెక్కాం. ఆఫీసుకు చేరేసరికి గంటన్నర ఆలస్యం. మేనేజరు కారణం అడిగాడు. రైలు ఆలస్యమైంది అని చెప్పాను.